మూడు గాట్లకు ఆధారం

ఆత్మకూరు,
4-11-1979.

ప్రియమిత్రుడు ఖలీలుల్లాకు కొండలయ్య వ్రాయునది.

ఇక్కడ నేను, లిదియమ్మ, పిల్లలు బాగున్నాము. హైస్కూల్లో పద్నాలుగేళ్ళుగా సోషల్ పాఠాలు చెప్పుకుంటున్న నాకు ఇన్నాళ్ళకు ఒక గౌరవం తగిలింది. ఈ నెల 25వ తేదీ ఆదివారం సాయంత్రం మా ఊళ్ళో సంస్కృతి సభ జరుగుతుంది. మాట్లాడే అయిదుగురిలో నేనొకణ్ణి. ఒకాయన శాసనాల మీద, ఇంకొకాయన రాగిరేకుల మీద మాట్లాడతారు. నేను ఉదయగిరి చెక్క చెంచాల మీద మాట్లాడతానని పేరిచ్చాను.

చిక్కేమిటంటే, సభాధ్యక్షుడు రామనారాయణ గారు. నెల్లూరులో చరిత్ర లెక్చరరుగా చేసి రిటైరయ్యారు. ఆయన కార్డు రాశారు: "చెప్పే ప్రతి సంగతికీ ఆధారం చూపవలెను. 'అంటారు', 'చెప్పుకుంటారు' అనే మాటలు నా సభలో వినపడరాదు." ఇక్కడి గ్రంథాలయంలో రెండు లావు పుస్తకాలు తిరగేశాను. కోట గురించి పేజీలకు పేజీలున్నాయి. చెంచాల గురించి ఒకే ఒక్క వాక్యం: చెక్క సామాను కూడా చేస్తారట. అంతే!

మొన్న రంజానుకు మీ ఇంట్లో సేమియా తిన్న చెంచా గుర్తొచ్చింది. కాడ అడుగున మూడు గాట్లుంటాయి గదా. మీ ఇంటి చెంచాలకు తప్ప ఇంకెవరి వాటికీ లేవు. ఆ గాట్లు ఎవరు మొదలుపెట్టారు, ఏ కాలం నాటివి? పట్టా, పార్శీ రాత, పాత కాగితం, ఏదున్నా వెంటనే రాయి. పేరు నిలబడే అవకాశంరా ఇది. ఆలస్యం చేయకు.

నీ
కొండలయ్య

*

ఉదయగిరి,
18-11-1979.

ఒరే కొండలూ,

నీ జాబు చదివి ఇంట్లో ఉండే పెట్టెలన్నీ బోర్లించినాను. రేషను కార్డు దొరికింది, మా నాయన పెండ్లి కాగితం దొరికింది, నువ్వు టెన్త్‌లో నా దగ్గర తీసుకొని ఇయ్యకుండా పోయిన కలం మూత దొరికింది. పార్శీ రాత మాత్రం లేదు. చెంచాలు చేసుకునేటోళ్ళ ఇంట్లో పార్శీ ఎవరు రాస్తారబ్బా!

అప్పుడు ఫుప్పమ్మను అడిగినాను. నువ్వు మర్రిపాడు నుంచి వచ్చి ఈడ చదివిన రెండేండ్లు నీకు కూడు పెట్టిన మా మేనత్త సుగ్రాబీనే. ఆ గాట్లు ఆమెవే అంట. నాకూ తెలవదురా, నలభై ఏండ్లుగా ఆ గాట్లు చూస్తా ఉండాను గానీ.

సంగతి ఇది. పడుచుదనంలో ఆమెకు ఎడమచేతి చూపుడువేలు తెగింది. నరం పోయి వేలు వంగేది లే. చెంచా ఎడమచేత పట్టుకోవాల, కుడిచేత ఆకురాయితో రుద్దాల. వేలు వంగకపోతే చెంచా జారిపోతాది. అందుకని ముందే కాడ అడుగున మూడు గాట్లు పెట్టుకునింది. నడిమి వేలికి ఒకటి, ఉంగరం వేలికి ఒకటి, చిటికెన వేలికి ఒకటి. వేళ్ళు ఒక ఎడంలో ఉండవు గనక గాట్లు గూడా ఒక ఎడంలో ఉండవు. పని అయినాక వాటిని రుద్దేయొచ్చు గదా అంటే, "చిన్న పిలకాయలకు పట్టు దొరకతాదిలే అని వదిలినాను" అనింది.

మా ఇండ్లలో సంగతి నీకు తెలుసు. కొండెక్కి చెంచాలకు నర్ది చెక్క తెచ్చేది, అంగట్లో అమ్మేది మేము. లోపల కూచొని చేసేదాంట్లో సగం ఆడోళ్ళు. పేరు మాత్రం వాళ్ళది బయటికి రాదు. అంగట్లో ఈ పొద్దుకూ "రజాకు చెంచాలు" అనే అంటారు, మా నాయన పేరుతో. అందుకని "నీ పేరు సభలో చెప్పొచ్చా ఫుప్పమ్మా" అని అడిగినాను. మూడో దినం సేమియా ఆరబోస్తా, "మన ఇంట్లో తిన్న నోరు గదా, చెప్పనీలే" అనింది. నాకు నవ్వొచ్చింది. మొహం తిప్పుకునింది గానీ ఆమెకూ నవ్వు ఆగలే.

చెప్పేటప్పుడు పేరు గట్టిగా చెప్పు.

ఖలీలు

*

ఆత్మకూరు,
27-11-1979.

ప్రియమైన ఖలీలుల్లాకు,

సభ దివ్యంగా జరిగింది. నా ఉపన్యాసానికి చప్పట్లు ఆగలేదంటే నమ్ము. రామనారాయణ గారు లేచి వచ్చి చెయ్యి కలిపారు. సభ సంచికలో అచ్చు వేస్తామన్నారు.

ఒక్కటే బాధ. నీ జాబు సభ అయిన మరునాడు, 26న చేరింది. పోస్టు వాళ్ళ సంగతి తెలిసిందేగా. అందువల్ల ఫుప్పమ్మ పేరు చెప్పే వీలు లేకపోయింది. నాకు అందిన ఇతర ఆధారాలతో సర్దుకున్నాను. ఆమెకు నా నమస్కారాలు. వివరాలు తీరిగ్గా రాస్తాను.

కొండలయ్య

*

ఉదయగిరి,
16-12-1979.

కొండలూ,

చప్పట్లు కొట్టినారంటే సంతోషంరా. మా చెంచాలకు సభలో చప్పట్లు కొట్టడం మా తాత ముత్తాతలు ఎరగరు.

ఒక తప్పు చేసినాను. ఫుప్పమ్మ దినామూ అడగతా ఉండాది, "కొండలు ఏం చెప్పినాడు, ఎట్ట చెప్పినాడు" అని. మామూలుగా అడగదు. గిన్నెలు కడగతా, నా పక్క చూడకుండా అడగతాది. జాబు ఆలస్యంగా పోయింది అని చెప్పడానికి నోరు రాలే. "నీ పేరు చెప్పినాడంట, అందరూ చప్పట్లు కొట్టినారంట" అనేసినాను. ఆ సాయంత్రం పక్కింటి రహీమాబీకి చెప్పుకునింది. బజారంతా తెలిసిపోయింది.

సంచిక ఇంకా అచ్చు కాలే గదా? దాంట్లో ఒక్క లైను ఏయించు. సుగ్రాబీ, ఉదయగిరి. అంతే చాలు. నా అబద్ధం నిజమైపోతాది. ఇంత చేస్తే నేను నిన్ను ఇంకేం అడగను.

ఇంకో సంగతి. సభకు నీకు అందిన ఇతర ఆధారాలేంది? మాకు తెలవకుండా మా చెంచాల గురించి ఎవురికి తెలుసబ్బా?

ఖలీలు

*

ఆత్మకూరు,
30-3-1980.

ఖలీలుల్లాకు,

నీ జాబుకు మూడు నెలలుగా జవాబు రాయలేకపోయాను. పరీక్షలు, పేపర్లు, చిన్నదానికి ఆటలమ్మ. సంచిక అచ్చయింది. నాకు రెండే ప్రతులు ఇచ్చారు గనక నీకు పంపలేదు.

ఒక చిన్న సహాయం కావాలి. ఉపన్యాసంలో ఆ మూడు గాట్లు కోట మీది మూడు బురుజులకు గుర్తనీ, నవాబుల కాలపు ముద్ర అనీ చెప్పాను. ఆధారం ఉదయగిరిలో ఒక కుటుంబం దగ్గరున్న పార్శీ రాతప్రతి అన్నాను. సభలో ఆ వేడిలో అలా వచ్చేసింది. సంచికలోనూ అలాగే పడింది, చెంచా బొమ్మతో సహా. ఇప్పుడు రామనారాయణ గారు వేసవిలో ఉదయగిరి వచ్చి ఆ రాతప్రతి చూస్తానంటున్నారు. ఏ కుటుంబమని గుచ్చి గుచ్చి అడిగితే నీ పేరు చెప్పక తప్పలేదు.

ఆయన వస్తే నువ్వు పెద్దగా ఏమీ చెప్పనక్కర్లేదు. "మొన్నటి దాకా ఉండేదండీ, చెదలు తినేసింది" అను చాలు. పెద్దాయన, నొచ్చుకుని వెళ్ళిపోతారు. నా ఉద్యోగం, పరువు ఈ ఒక్క మాట మీద ఉన్నాయి. స్నేహితుడివి గనక అడుగుతున్నాను.

ఫుప్పమ్మ సంగతి వచ్చే ఏడాది సంచికలో తప్పకుండా చూద్దాం.

కొండలయ్య

*

ఉదయగిరి,
20-4-1980.

కొండలయ్యా,

కొండలూ అని రాయబుద్ధి కాలే.

చెదలు తినాలంటే ముందు కాగితం ఉండాల గదరా. లేని కాగితాన్ని ఏ చెద తింటాది?

నువ్వు సంచిక పంపకపోతే మాకు రాదనుకున్నావా? పది దినాల కింద వచ్చింది. పట్నంలో చెక్క సామాను అమ్మే పెద్ద కొట్టు మనిషి చంకలో పెట్టుకొని వచ్చినాడు. అందరినీ పిలిచి పుస్తకం తెరిచి బొమ్మ చూపించినాడు. కాడకు పైపక్క మూడు గాట్లు, స్కేలు పెట్టి గీసినట్టు. "ఇది నవాబుల ముద్ర. ఇలా ఉంటేనే అసలైన ఉదయగిరి సరుకు. ఇలా చేసి పెడితే ఎంతైనా తీసుకుంటాం" అన్నాడు. ఆ పొద్దు నుంచి బజారులో ఎవరింట్లో చూసినా గాట్లే.

మా ఇంటికి గూడా వచ్చినాడు. ఫుప్పమ్మ చేసినవి చాప మీద పరిచినాను. ఒకటి తీసి తిరగేసి చూసినాడు. "గాట్లు అడుగున ఉన్నాయేమిటి? ఎడం కూడా సరిగ్గా లేదు. ఎవరో పుస్తకం చూడకుండా నకలు కొట్టారు" అని పక్కన పెట్టేసినాడు. నేను సంగతి చెప్పబోతే, "అచ్చులో ఉంది కదండీ, ఆధారం కూడా ఇచ్చారు" అని ఆ పేజీ మీద వేలు పెట్టినాడు.

ఫుప్పమ్మ తెర వెనకనే నిలబడి ఉండాది. అంతా వినింది.

ఆయన పోయినాక బయటికి వచ్చి, "ఆ పుస్తకంలో రాసింది మన కొండలేనా" అని అడిగింది. ఔనన్నాను. "నా పేరు చెప్పినాడు అన్నావే" అనింది. అంతే. అరిస్తే బాగుండు. ఆకురాయి గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేసింది. గాట్లు పెట్టకపోతే ఆ వేలితో చెంచా పట్టుకోలేదు. పెడితే నకలు అంటారు. ఇంక యాడ చేస్తాది? పన్నెండేండ్ల నుంచి చేసే పని మానుకొని గడప దగ్గర ఊరికే కూచొని ఉండాది. రహీమాబీ వస్తే లోపలికి పోతాది.

ఆమె చేతిలో చెంచా లేకుండా నేను ఎప్పుడూ చూడలేదురా. కాదు, పన్నెండేండ్లు అని రాసినాను చూడు, కోపంలో లెక్క గూడా తప్పినాను. ఆమె పన్నెండో ఏట నుంచి.

మీ సారు వస్తే రానీ. ఉండేది ఉన్నట్టు చెప్తాను. నా దగ్గర చెదలు లేవు.

ఖలీలుల్లా

*

ఆత్మకూరు,
4-5-1980.

ఖలీలూ,

ఇది చదవకుండా చించేయకు. చదివి చించెయ్.

నీ జాబు 26న రాలేదు. 21న వచ్చింది, సభకు నాలుగు రోజుల ముందు. దాన్ని జేబులో పెట్టుకునే వేదిక ఎక్కాను.

నాకంటే ముందు మాట్లాడినాయన శాసనాల నకళ్ళు గోడకు అంటించాడు. ఇంకొకాయన పుస్తకాల పేర్లు, పేజీల నంబర్లు ఆపకుండా చదివాడు. నా వంతు వచ్చింది. గాట్ల దాకా వచ్చేసరికి రామనారాయణ గారు కలం తీసి "ఆధారం?" అన్నారు. జేబు మీద చెయ్యి వేశాను. నీ ఇన్లాండు లెటరు చేతికి తగిలింది. చదువు రాని ఒక ముసలామె వేలు వంగక గాట్లు పెట్టుకుంది అంటే నవ్వుతారనుకున్నాను. ఆమెను కాదు, నన్ను చూసి. మా నాయన వేలిముద్ర మనిషి. మా అవ్వకు తన పుట్టిన ఏడు తెలియదు. నా వాళ్ళెవరికీ ఏ కాగితమూ లేదు. ఆ వేదిక మీద నేను మళ్ళీ కాగితం లేనివాడిగా నిలబడలేకపోయాను. అందుకని ఒకటి పుట్టించాను. చప్పట్లు కొట్టారు. ఎంత బాగుందో ఆ చప్పుడు! సిగ్గు లేకుండా చెబుతున్నాను, చాలా బాగుంది.

టెన్త్‌లో నాకు విషజ్వరం వస్తే ఫుప్పమ్మ తొమ్మిది రోజులు గంజి పోసింది. లేచి కూర్చున్నాక చెంచా నా చేతికే ఇచ్చేది. చేతులు వణికేవి, అయినా చెంచా జారేది కాదు. ఆ గాట్లు నా వేళ్ళకు తెలుసురా. వాటికి పార్శీ రాత కావాలన్నాను.

నిన్న లిదియమ్మ చలికోటు ఉతకబోయి జేబులో నీ పాత జాబు చూసింది. పోస్టాఫీసు ముద్ర కూడా చూసింది. "ఇది ఇరవై ఒకటినే వచ్చింది కదండీ. ఖలీలన్నకు ఆలస్యమైందని ఎందుకు రాసినారు?" అని అడిగింది. చర్చి ఆదివారం బడిలో పిల్లలకు అబద్ధ సాక్ష్యం గురించి చెప్పేది ఆమె. నాకు ఏమీ చెప్పలేదు. కోటు నానబెట్టి, జాబు మడిచి నా పాఠాల పుస్తకంలో పెట్టింది. నువ్వన్నట్టు, అరిస్తే బాగుండేది.

రామనారాయణ గారికి ఈ రోజే అంతా రాశాను. మళ్ళీ సభలో నాకు అయిదు నిమిషాలు ఇమ్మని అడిగాను. నిన్ను క్షమించమని అడగడం లేదు. ఫుప్పమ్మను అడిగే ముఖం లేదు.

కొండలు

*

ఆత్మకూరు,
24-8-1980.

ఖలీలూ,

నీ దగ్గర నుంచి జాబు లేదు. రాయకపోవడమే న్యాయం.

రంజాను నాడు బస్టాండు దాకా వచ్చాను. ఉదయగిరి బస్సు ఎదురుగానే ఉంది. కండక్టరు రెండుసార్లు పిలిచాడు. అది కదిలిపోయేదాకా నిలబడి ఇంటికి వెళ్ళిపోయాను. ఇన్నేళ్ళలో మీ ఇంటి సేమియా తినని రంజాను ఇదే.

17న సభ జరిగింది. చివర్లో పిలిచారు. "నిరుడు నేను చెప్పిన రాతప్రతి ఇప్పుడు లేదు, అప్పుడూ లేదు, నేను కల్పించాను" అన్నాను. వెనక ఎవరో నవ్వారు. ముందు వరసలో నా దగ్గర చదివే ఆడపిల్లలు ఇద్దరు తల దించుకున్నారు. నవ్వు కంటే అది కష్టంగా ఉండింది. రామనారాయణ గారు కలం తీశారు, అలవాటు కొద్దీ. "మరి ఆధారం?" అన్నారు.

"సుగ్రాబీ, ఉదయగిరి" అన్నాను.

"ఏ సంవత్సరం ముద్రణ?"

"పుస్తకం కాదండీ. మనిషి."

పేరు మళ్ళీ అడిగి, ఆయన నెమ్మదిగా రాసుకున్నారు. బయటికి వచ్చాక, "మనుషులు చెప్పింది పనికిరాదని కార్డు రాసినవాణ్ణి నేనే గదయ్యా" అన్నారు. నా తప్పులో ఆయనకు వాటా ఇవ్వడం నాకిష్టం లేదు. అది నాదే.

సవరణ కాగితం అచ్చు వేయించి మిగిలిన ప్రతులన్నింటిలో అంటించాము. పట్నం కొట్టుకు రిజిస్టరు పోస్టులో పంపాను. ఒకటి ఇందులో పెడుతున్నాను. ఫుప్పమ్మకు చదివి వినిపించు. వద్దంటే పొయ్యిలో పెట్టు.

"సవరణ: ఉదయగిరి చెంచాల కాడ అడుగున గల మూడు గాట్లు నవాబుల ముద్ర కావు. శ్రీమతి సుగ్రాబీ గారు చెంచా చెక్కుచుండగా ఉలి తగిలి ఎడమచేతి చూపుడువేలి నరము తెగినను, కళను విడువక, పట్టు కొరకు కల్పించుకొన్నవి. ఆధారం: శ్రీమతి సుగ్రాబీ, ఉదయగిరి."

కొండలు

*

ఉదయగిరి,
7-9-1980.

ఒరే కొండలూ,

నీ కాగితం వచ్చి వారం అయింది. ముందు నేను చదువుకున్నాను. ఆమెకు చదివేదా వద్దా అని రెండు దినాలు అల్లాడినాను. నేనేం పెద్ద నిజాయితీ మనిషినా? నీది సభలో అబద్ధం, నాది ఇంట్లో అబద్ధం. బజారులో ఆమె తల దించుకునింది నా మాట వల్ల గూడా. ముందు అది చెప్పి తప్పు ఒప్పుకున్నాను. "నీ మొహం చూస్తేనే తెలిసిందిలేరా ఆ పొద్దే" అనింది. తెలిసి గూడా రహీమాబీకి ఎందుకు చెప్పినావు అంటే చాప మీద దుమ్ము దులిపింది. ఆమె ఎంత ఆశ పడిందో నాకు అప్పుడు తెలిసింది.

కాగితం చదివినాను. పేరు వచ్చిన చోట ఆపి, "మళ్ళా చదువు" అనింది. చదివినాను. పేరు యాడ ఉండాదో చూపించమని, దాని మీద ఆ వంగని వేలు పెట్టి చూసింది. నేను మొహం పక్కకు తిప్పుకున్నాను.

ఆ తర్వాత ఉన్నట్టుండి, "ఉలి ఏంది?" అనింది.

"ఉలి తగిలి వేలు తెగింది అని రాసినాడు ఫుప్పమ్మా."

"ఎవరు చెప్పినారు వానికి? ఉలి లేదు, ఏం లేదు. సంగం నుంచి మీ మామ వాలుగ చేప తెచ్చినాడు. కత్తిపీట మీద కోస్తా ఉంటే జారి తెగింది. కూర గూడా పాడైపోయింది ఆ పొద్దు. కళను విడవక అంటే ఏంది?"

కళ అంటే ఏందో నాకు తెలిసినంత చెప్పినాను.

"అదేం కాదు. పని చెయ్యకపోతే మీ మామ వాళ్ళ అమ్మ తిట్టేది. అందుకని చేసినాను. ఆధారం అని నా పేరు పెట్టినాడే, నన్ను ఒక్క మాట అడిగినాడా? రెండు గంటల బస్సు. కాళ్ళు పడిపోయినాయా వానికి?"

చూసినావా కొండలూ. తప్పు దిద్దుకుంటా దిద్దుకుంటా గూడా ఒక అబద్ధం కలిపినావు. నేను నీకు వేలు తెగింది అని రాసినాను గానీ, ఎట్ట తెగిందో రాయలేదు. నువ్వు అడగలేదు. నాకు గూడా అడగాలని తోచలే. మామ పోయి ఆమె మా ఇంటికి వచ్చినప్పటి నుంచి, నలభై ఏండ్లు ఒకే ఇంట్లో ఉండాను.

అయిదు నెలలు అటక మీద ఉండిన ఆకురాయి మొన్న దించమనింది. ఒక చెంచా చేసింది. గాట్లు అడుగునే, ఎడం ఆమె వేళ్ళ ఎడమే. పట్నం కొట్టు తీసుకుంటే తీసుకోనీ, లేకపోతే పోనీ అనింది. నీకు పార్సిలు కడదామని గుడ్డలో చుట్టబోతే లాక్కునింది.

"కోపం పోయిందా ఫుప్పమ్మా?" అని అడిగినాను. నువ్వు తెలుసుకోవాలనుకునేది అదే గదా. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తా ఉండాను, ఒక్క మాట కలపలేదు.

"పోలేదు. వాణ్ణి వచ్చి ఈడ కూచోమను. నేను చేప కూర చేస్తాను. వాడు తింటా ఉండాల, నేను తిడతా ఉండాల. అప్పుడు రాసుకోమను, ఏం రాసుకుంటాడో."

ఖలీలు